మూత తీయని సాయంత్రం

రోజంతా నేను జనానికి చెప్పే మాట ఒక్కటే. "కదలకండి, ఊపిరి బిగపట్టండి." ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీయడం నా ఉద్యోగం. నా మాటకు పహిల్వాన్లు కూడా బొమ్మల్లా నిలబడిపోతారు. నేను మాత్రం ఒక్కచోట నిలబడలేను. నాకు ఎక్స్‌రే తీయాల్సి వస్తే ముందు మంచానికి కట్టేయాలని మా ఆయన అంటూ ఉంటాడు.

ఆ వారం మరీ ఘోరం. నా పుట్టినరోజుకి టెలిస్కోపుకు ఏదైనా కొంటానని ఆయన మాటిచ్చాడు. "ఒక్కటే. రెండోది అడిగావంటే ఆ గొట్టాన్ని అటకెక్కిస్తాను" అని కూడా అన్నాడు. అంతే, నాకు నిద్ర పట్టడం మానేసింది. ఫిల్టరా, ఫోన్ మౌంటా?

ఫిల్టరంటే నాణెమంత గాజుబిళ్ళ. టెలిస్కోపులో మనం కన్ను ఆనించే చోట బిగిస్తే, వీధిదీపాల వెలుగు అణిగి ఆకాశం నల్లబడుతుంది. మసక మసకగా ఉండేవి కాస్త తేటపడతాయి. మౌంటంటే, అదే చోట ఫోన్‌ను కదలకుండా పట్టి ఉంచే బిగింపు. గొట్టంలో కనిపించేదంతా ఫోన్ తెర మీదికి వచ్చేస్తుంది. పళ్ళు తోముకునేటప్పుడు ఫిల్టరే అనుకునేదాన్ని. బస్సెక్కేసరికి మౌంట్ అయ్యేది. మధ్యాహ్నం ఎవరివో ఊపిరితిత్తులు చూస్తూ మళ్ళీ ఫిల్టర్ దగ్గరికి వచ్చేదాన్ని. కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నావని మా ఆయన విసుక్కున్నాడు.

"ఫిల్టరే కొనుక్కోమ్మా" అన్నారు మామయ్యగారు.

నేను ఆశ్చర్యపోయాను. కూరలో ఉప్పు లేకపోయినా నోరు విప్పని మనిషాయన. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపారు, ఒక్కరికి కూడా గీత పడనివ్వలేదు. అలాంటి మనిషి ఈ విషయంలో పట్టిన పట్టు వదల్లేదు. "ఆకాశాన్ని కన్నుపెట్టి చూడాలి గానీ, ఫోన్లో చూడ్డమేంటి? టీవీ చూసినట్టుంటుంది. నామాట విను, ఆ ఫోను గొడవ వద్దు" అని ఆ వారంలో నాలుగైదుసార్లు చెప్పారు.

ఆయన మాటను తీసిపారేయలేను. ఎందుకంటే నా టెలిస్కోపుకు ఇంట్లో ఉన్న ఏకైక అభిమాని ఆయనే. మా ఆయన చూస్తే, "చుక్క చుక్కలాగే ఉంది" అంటాడు. మా అమ్మాయి పిడుగు, పేరుకు తగ్గట్టే, గొట్టం పట్టుకుని ఊయల ఊగబోతుంది. మామయ్యగారు మాత్రం పొద్దువాలగానే మెట్లెక్కి డాబా మీదికి వస్తారు. ఒక కన్ను మూసి, రెండో కన్ను ఆనించి, తీరిగ్గా చూసి, "బ్రహ్మాండంగా ఉందమ్మా" అంటారు. ఆ ఒక్క మాట కోసం నేను బరువంతా మోసుకుంటూ పైకెక్కుతాననడంలో అబద్ధం లేదు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం శనిగ్రహం వచ్చింది. టెలిస్కోపు పక్కనుండే చిన్నగొట్టంలోంచి గురి కుదిర్చి, మామయ్యగారిని పిలిచాను. ఇంతలో కింద ఫోన్ మోగింది. మా ఆయన, ఆలస్యమవుతుందని చెప్పడానికి. మాట్లాడి పైకి వస్తుంటే మెట్ల మీద మామయ్యగారే ఎదురయ్యారు.

"ఉంగరం ఎంత ముద్దుగా ఉందమ్మా! నిన్నటికంటే స్పష్టంగా ఉంది" అన్నారు, గోడ పట్టుకుని దిగుతూ.

సంబరంగా వెళ్ళి కన్ను ఆనించాను. నల్లగా ఉంది. గురి తప్పిందేమోనని సర్దాను. అయినా నలుపే. అప్పుడు చెయ్యి గొట్టం చివరికి పోయింది. మూత! నేను మూతే తీయలేదు.

ముందు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్ళు మండింది. అంటే ఇన్నాళ్ళూ నన్ను చిన్నపిల్లను ఆడించినట్టు ఆడించారన్నమాట. చూడకుండానే ఆహా, ఓహో. ఆ మెప్పంతా ఉత్తుత్తిదే. ఆ రాత్రి మంచం మీద అటూ ఇటూ దొర్లుతూనే ఉన్నాను. పొద్దున్న టీ ఇచ్చేటప్పుడు ఆయన ముఖం చూడలేదు.

"ఇవాళ షాపుకు వెళ్తావా? ఫిల్టరే, మర్చిపోకు" అన్నారాయన.

"చూద్దాం లెండి" అన్నాను ముభావంగా.

ఆయన స్కూటర్ తీశారు. పిడుగు వెనకెక్కి, "రైట్ రైట్!" అని అరిచింది. వాళ్ళిద్దరిదీ రోజూ ఉండే ఆటే అది. ఆయన డ్రైవర్, అది కండక్టర్. బడికి దింపేదీ తెచ్చేదీ తాతే. వీధి చివరిదాకా దాని అరుపులు వినపడుతుంటే ఇరుగుపొరుగు నవ్వుకుంటారు. నేనూ నవ్వుకునేదాన్ని.

మధ్యాహ్నం డ్యూటీ దిగి కెమెరాల షాపుకు వెళ్ళాను. షాపతను ఫిల్టర్నీ మౌంట్‌నీ పక్కపక్కన పెట్టాడు. "ఫిల్టరైతే చూసేవాళ్ళకి బాగుంటుంది మేడమ్, కానీ ఒక్కరే చూడాలి. వాళ్ళకి ఏం కనపడిందో మనకు తెలీదు. మౌంటైతే ఇంటిల్లిపాదీ ఒకేసారి చూడచ్చు. ఇదేంటి, అదేంటి అని వేలుపెట్టి చూపించుకోవచ్చు."

"అదే ఇవ్వండి" అన్నాను కసిగా. అందరి ముందూ తెర పెట్టి, 'ఏదీ మామయ్యగారూ, ఉంగరం ఎక్కడుందో చూపించండి' అని అడగాలనిపించింది. నా అక్కసు అలాంటిది, దాచుకోవడమెందుకు.

అతను డబ్బాకు టేపు అంటిస్తున్నాడు. వేలుపెట్టి చూపించుకోవచ్చు. ఆ మాట నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఈ మౌంట్ వద్దని ఆయన అంతలా ఎందుకు పట్టుబట్టారు? చూడ్డానికి బద్ధకమైతే అసలు మెట్లే ఎక్కరు కదా? గోడ పట్టుకుని దిగడం గుర్తొచ్చింది. మొన్న గ్లాసు పక్కన పోసిన నీళ్ళు గుర్తొచ్చాయి. పేపరు పిడుగు చేత చదివించుకుంటుంటే, మనవరాలికి చదువు చెబుతున్నారని మురిసిపోయాను. స్కూటర్ అద్దం పగిలితే, ఎవడో గుద్ది పోయాడన్నారు.

స్కూటర్.

ఆయన చూడనిది టెలిస్కోపులో మాత్రమే కాదు. బడి వదిలే వేళయింది. ఫోన్ చేశాను, ఎత్తలేదు. బండి మీద ఉంటే ఆయన ఫోన్ ఎత్తరు, అంత పద్ధతి గల డ్రైవర్. డబ్బా లాక్కుని పరుగెత్తాను. బడి రెండు వీధుల అవతలే. చెప్పు తెగితే, చేత్తో పట్టుకుని పరుగెత్తాను. దారినపోయే ప్రతి స్కూటరూ వాళ్ళదే అనిపించింది.

కూడలి దగ్గర ముందు గొంతు వినపడింది. తర్వాతే వాళ్ళు కనపడ్డారు.

"తాతా, ముందు సైకిల్! కాస్త ఎడమకి! రైట్ రైట్! హోల్డాన్ తాతా, హోల్డాన్, ఎర్రలైటు!"

స్కూటర్ ఆగింది. పిడుగు ఆయన భుజం మీదుగా మెడ చాచి, రోడ్డంతా కళ్ళలో వత్తులేసుకుని చూస్తోంది. అది ఆట కాదు. ఆట అనుకున్నది నేను. ఆ ఎనిమిదేళ్ళ పిల్ల తాతకు రోడ్డు చూపిస్తోంది.

నేను వెళ్ళి బండి ముందు నిలబడ్డాను, చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా. మామయ్యగారు సూటిగా నావైపే చూస్తున్నారు. నన్ను పోల్చుకున్నట్టే లేదు.

"అమ్మా!" అంది పిడుగు.

అప్పుడు నవ్వారాయన. "నువ్వా అమ్మా! ఎండ కళ్ళలో పడుతోంది."

ఎండ ఆయన వీపు మీద ఉంది. నాకు అరవాలనిపించింది. నా బిడ్డను ఏం చేద్దామనుకున్నారని నడిరోడ్డు మీద నిలదీయాలనిపించింది. నోరు తెరిచాను కూడా. కానీ ఆయన ఒక చెయ్యి వెనక్కి పెట్టి, పిడుగు సరిగ్గా కూర్చుందో లేదో తడిమి చూసుకున్నారు.

"నా చెప్పు తెగింది మామయ్యగారూ. ముగ్గురం బండి మీద పట్టం. తోసుకుంటూ నడిచిపోదాం" అన్నాను.

ఇంటిదాకా బండి నేనే తోశాను. పిడుగు, బస్సు బ్రేక్‌డౌన్ అయిందని దారి పొడుగునా ప్రకటిస్తూ వచ్చింది.

పొద్దువాలాక టెలిస్కోపు పైకి తీసుకెళ్ళాను. సగం చంద్రుడు అప్పటికే ఉన్నాడు. మోకాళ్ళ నొప్పులు, రాలేనన్నారు మామయ్యగారు. "మీరు రావాలి" అన్నాను. నా గొంతు విని వచ్చారు.

"నిన్న నేను మూత తీయలేదు మామయ్యగారూ."

ఆయన పిట్టగోడను తడుముకుని ఆనుకున్నారు. తర్వాత, "ఎవరికి చెప్పావు?" అన్నారు.

"ఎవరికీ చెప్పలేదు. ఎప్పట్నుంచి?"

"కుడికన్ను పోయినేడే మసకేసింది. ఎడమది బానే ఉందనుకున్నా. ఈమధ్యే అదీ..." ఆగారు. "మావాడికి తెలిస్తే బండి లాక్కుంటాడమ్మా. బండి లేకపోతే నాకేం పని? పొద్దున్నే లేచి ఎక్కడికెళ్ళాలి?"

"పిడుగుకేమన్నా అయ్యుంటే?"

"నెమ్మదిగానే పోతాను. అది చెప్తుంది కదా..." అనబోయి, తన మాట తన చెవినే పడ్డట్టు ఆగిపోయారు. కండువాతో ముఖం తుడుచుకున్నారు. నాకు కోపం ఇంకా పోలేదు, జాలి మాత్రం దాన్ని మించిపోయింది. ఆ రెండింటితో ఏం చెయ్యాలో తెలియక మౌంట్ డబ్బా విప్పాను.

బిగించడానికి నా చేతులు నిలకడగా ఉంటేగా. మూడుసార్లు జారింది. చివరికి ఫోన్ కుదురుకుని, తెరంతా చంద్రుడు నిండాడు. వెలుగు పూర్తిగా పెంచి ఆయన ముఖానికి దగ్గరగా తిప్పాను. ఏం కనపడుతోందని అడగలేదు.

ఆయన ముక్కు తెరకు తగిలేంతగా వంగారు. అలాగే ఉండిపోయారు.

"ఇదా?" అన్నారు. "ఇన్నాళ్ళూ నువ్వు చూపిస్తున్నది ఇదా?"

"ఇదే."

"ఇన్ని గుంటలేంటమ్మా! మా పాత రూటు కంటే అధ్వాన్నంగా ఉందే." నవ్వారు. ఆ నవ్వులోనే ఏడ్చారు. "బ్రహ్మాండం" అన్నారు మళ్ళీ. ఆ మాట ఈసారి నిజమైనదని నాకు తెలుసు.

"రేపు నాతో ఆసుపత్రికి వస్తున్నారు. కళ్ళ డాక్టరు నా పక్క గదే" అన్నాను. ఆయన తలూపారు.

మెట్ల మీద దబదబమని అడుగులు. పిడుగు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "తాతా, రేపు డ్యూటీకి ఆలస్యం కాకూడదు. పరీక్ష ఉంది."

మామయ్యగారు గొంతు సవరించుకున్నారు. "రేపు బండి రాదు కండక్టరమ్మా. మీ అమ్మతో వెళ్ళు. బ్రేకులు పట్టడం లేదు."

"ఇవాళ పట్టాయిగా! నేను హోల్డాన్ అనగానే ఆగిందిగా?"

ఆయన నావైపు తిరిగారు. చూపు నా ముఖం మీద కాకుండా, కాస్త పక్కగా పడింది.

"పట్టడం లేదు పిడుగూ. ఇందాక నేనూ చూశాను" అన్నాను.

అది నమ్మింది. మామయ్యగారు జేబులోంచి తాళంచెవి తీసి చెయ్యి చాచారు. నా చెయ్యి ఎక్కడుందో గాల్లో వెతుక్కుంటుంటే, నేనే ముందుకు పెట్టాను.