తెరమీద ఏడ్చిన మనిషి

“...అయినా అది నటనే అయితే నా కళ్ళు ఎందుకు తడవాలి?” శ్యామ్ సుందర్ తను రాసిన వాక్యాన్ని మళ్ళీ చదువుకున్నాడు. వ్యాసం, ఒక నవల ఆధారంగా తీసిన సినిమా గురించి. మొగుడు పోయిన మిరపకూలీ కథ. కాయల రాశి ముందు తొడిమలు తీస్తూ తీస్తూ ఆ నటి రెండు అరచేతుల్లో ముఖం దాచుకుని కుమిలిపోయింది. హాల్లో అతను కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నాడు. అంతకుముందు తన కళ్ళు ఎవరి కోసం తడిశాయో గుర్తు చేసుకోబోయి మానేశాడు. సాయంత్రంలోగా వ్యాసం ఫిల్మ్ క్లబ్ పత్రికకు పంపాలి. ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పుకునే తన పేరు అచ్చులో కనపడేది అక్కడే.

భార్య రెబ్కా నల్లపాడు కోల్డ్ స్టోరేజీలో పని ముగించుకుని వచ్చింది. ఆమె చేసేదీ మిరపకాయల తొడిమలు తీసే పనే. చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, మంట తగ్గడానికి కొబ్బరినూనె పూసుకుంటూ గోడకి చేరబడింది.

“ఏం రాశారో చదవండి.”

చదివాడు. అరచేతుల దగ్గరికొచ్చేసరికి ఆమె పకపకా నవ్వింది.

“కాయలు ఒలిచిన చేత్తోనే? అమ్మో! ఆ పిల్లకి కళ్ళున్నాయా, పోయాయా?”

“నేను చెప్పేది నటన గురించి...”

“ఏం నటనండీ! పక్కనున్న ఆడాళ్ళన్నా చెయ్యి పట్టుకుని లాగరూ? మీకన్నా తట్టొద్దూ? పదకొండేళ్ళబట్టి నాతో కాపురం చేస్తున్నారు!”

తట్టలేదు. నవ్వబోయాడు గానీ చేతకాలేదు.

“మరి పనిలో ఉండగా మీకు ఏడుపొస్తే?” అని అడిగాడు.

“కారనిస్తాం. మరీ అయితే భుజానికి తుడుచుకుంటాం. మా అమ్మ పోయినప్పుడు జాకెట్టు భుజం ముద్దయిపోయింది.”

తేలిగ్గానే అంది. అత్తగారు పోయి రెండేళ్ళు. సమాధి చేసిన మర్నాడే రెబ్కా పనికి వెళ్ళింది. ఎంత గట్టి మనిషో అని పాస్టరు గారితో గొప్పగా చెప్పుకున్నాడు కూడా. ఇంట్లో ఏడవలేదు కాబట్టి తేరుకుందనుకున్నాడు. ఇంట్లో ఎందుకు ఏడవలేదు? చేతులు కడుక్కున్నాక, తను ఎదురుగా ఉండగా, ఎందుకు ఏడవలేకపోయింది? తెరమీది మనిషి తనని తిరిగి ఏమీ అడగదు. అందుకేనా అక్కడ అంత సులువుగా కరిగిపోయాడు? ఈ ఆలోచన కూడా వ్యాసంలో పెట్టుకోవచ్చని తోచి, తనమీద తనకే రోత పుట్టింది.

ఫోను మోగింది.

“క్లబ్బువాళ్ళేమో, ఎత్తండి. నేను బియ్యం కడగాలి,” అంటూ ఆమె లేవబోయింది.

“ఉండు రెబ్కా.”

ఆమె వింతగా చూసి ఆగింది. ఫోను మోగి మోగి ఊరుకుంది. అతను కుర్చీ దిగి ఆమె ఎదురుగా నేలమీద కూర్చున్నాడు.

“మీ అమ్మ పోయాక పనికెళ్ళిన రోజు, అక్కడ నీ పక్కన ఎవరున్నారు?” అని అడిగాడు.