మూడిళ్ళ బండి

ఈ సీటు ముందుకు జరగదు, వెనక్కీ జరగదు, ఎక్కడ బిగుసుకుందో అక్కడే ఉంది, అదీ ఒకందుకు మేలే, ఎనిమిదో నెల కడుపుకీ ఎదురుగా ఉన్న డాష్‌బోర్డుకీ మధ్య జానెడు చోటు మిగిలింది, కాళ్ళు చాపుకోవచ్చు, నీరు దిగిన పాదాలను చెప్పుల్లోంచి తీసి రబ్బరు మ్యాటు మీద పెట్టుకోవచ్చు, అయినా ఈ మ్యాటు మీద ఇంతకుముందు ఎవరెవరి పాదాలు ఆనాయో, ముగ్గురు ఓనర్లు, వాళ్ళ పిల్లలు, వాళ్ళ చుట్టాలు, పెళ్ళిళ్ళకి వెళ్ళొచ్చినవాళ్ళు, ఆస్పత్రులకి వెళ్ళొచ్చినవాళ్ళు, అనుకుంటూ అనిత మొగుడి వైపు ఓరగా చూసింది, గిరిధర్ స్టీరింగును రెండు చేతులా బిగించి పట్టుకుని ముందున్న ఇటుకల లారీని మింగేలా చూస్తున్నాడు, పెదాలు కదులుతున్నాయి, అంటే లోపల లెక్కలు నడుస్తున్నాయన్నమాట, కొందామా వద్దా, హోసూరు రోడ్డు దాటి, రింగు రోడ్డు పట్టి, హూడి చేరి, ఈ తెల్ల మారుతి తాళాలు ఇప్పటి ఓనరు తిమ్మరాయప్ప చేతిలో పెట్టి అవునో కాదో చెప్పాలి, ఆదివారం పొద్దున్నుంచీ ఇదే పని, బండి ఇంకా తమది కాలేదు, తనేమో అప్పుడే చెప్పులు విప్పేసింది.

మూడు చేతులు మారిందంటే ఏదో లోపం ఉండి తీరాలి, ఇది గిరిధర్ మాట కాదు, వాళ్ళ ఆఫీసు మహేశ్ మాట, మొదటివాడు కొత్తది కొనడానికి అమ్ముతాడు, రెండోవాడు రిపేర్లు తట్టుకోలేక అమ్ముతాడు, మూడోవాడు ఇంకొకడికి అంటగట్టడానికి అమ్ముతాడు, ఆ ఇంకొకడివి నువ్వే బాబూ, అని మహేశ్ క్యాంటీన్లో వేళ్ళు మడిచి మరీ చెప్పాడట, అసలే గిరిధర్‌ది సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే ఉద్యోగం, ఇంటికొచ్చి చారులో కూడా వెతుకుతాడు, ఇక చెప్పాలా, ఇదివరకు అమ్మిన ప్రతి మనిషినీ కలిసి ఎందుకమ్మారని అడిగితే గానీ కొననని కూర్చున్నాడు, ఒకే చేతిలో ఉన్న బండ్లేమో వీళ్ళకి అందేలా లేవు, ఆటో అనుకుందామా అంటే హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో వాళ్ళుండే వీధికి పొద్దు వాలితే ఏ ఆటోవాడూ రాడు, అటూ ఇటూ ఖాళీ సైట్లు, కుక్కలు, అప్పుడు నొప్పులొస్తే, ఆ సంగతి తలుచుకుంటే చాలు అనిత గుండెల్లో రాయి పడుతుంది, బండి సరే, ఎలాగో దొరుకుతుంది, బండిలో తన పక్కన ఎవరు కూర్చుంటారు, మొన్న ఆస్పత్రిలో నర్సు అడగనే అడిగింది, కాన్పుకి మీ వైపు పెద్దామె ఎవరొస్తారు, లోపలికి ఒక్క ఆడమనిషినే రానిస్తాం, మగవాళ్ళు బయటే ఉండాలి, అని, అనిత నోరు తెరిచేలోగా గిరిధర్ అందుకున్నాడు, వాళ్ళమ్మ నంద్యాల నుంచి వస్తోంది సిస్టర్, వచ్చే నెల.

వాళ్ళమ్మ రాదు, మూడేళ్ళ కిందట రిజిస్ట్రారు ఆఫీసులో సంతకాలు పెట్టిన రోజున నంద్యాలకి ఫోన్ చేస్తే, మాకు ఒక్కతే కూతురు, చిన్నది, అని పెట్టేసింది, ఐదో నెల వచ్చాక మళ్ళీ చేస్తే, సరే, అంది, ఆ సరే తర్వాత ఇంకో మాట వస్తుందేమోనని ఫోన్ చెవికి ఆనించుకుని అనిత ఎంతసేపు నిలబడిందో, హిందూపురంలో గిరిధర్ వాళ్ళ నాన్న అయితే ఆ మాత్రం కూడా అనలేదు, చర్చికి పోయే పిల్లని కట్టుకున్నవాడికి మా గడపతో పనేముంది అని కబురు పంపించాడు, అవన్నీ అయిపోయిన సంగతులు, ఏడ్చేదంతా ఇద్దరూ ఏడ్చేశారు, కానీ ఎవరు అడిగినా ఆ జాలి చూపు అనిత మీద పడకూడదని గిరిధర్ తనకొక అత్తగారిని తయారుచేసుకున్నాడు, ఆమె వచ్చే నెల వస్తుంది, ఆమెకి మోకాళ్ళ నొప్పులు, బస్సు పడదు, రైలుకి రిజర్వేషన్ చేయించాలి, వస్తూ వస్తూ గోంగూర పచ్చడి తెస్తుంది, అడిగేవాళ్ళు పెరిగినకొద్దీ ఆ అత్తగారికి ఒళ్ళూ రూపమూ వచ్చేశాయి, ఒకరోజు అనితే నిజమనుకుని ఆమె చీరలకోసం అలమరలో ఒక అర ఖాళీ చెయ్యబోయింది, ఇలాంటి పిచ్చివాణ్ణి కట్టుకున్నందుకు నవ్వాలో ఏడవాలో తెలియదు, ముద్దు మాత్రం వస్తుంది.

లారీ కదిలింది, మళ్ళీ ఆగింది, లోపల బిడ్డ కూడా కదిలి ఆగింది, పొద్దున ఇంత రద్దీ లేదు, పొద్దున హూడిలో గాలి చల్లగా ఉంది, తిమ్మరాయప్ప వాకిట్లో నిలబడి బండి పైకప్పు మీద అరచెయ్యి వేసి, చూడప్పా, నేను దాచేది ఏమీ లేదు, కోడలొచ్చె, మనవండ్లొచ్చిరి, ఇంటిల్లిపాదీ దీంట్లో పట్టేది లేదు, అందుకే అమ్ముతాండాను, ఒక్క కండిషన్ మాత్రం ఉండాది, అన్నాడు, కండిషన్ అనగానే గిరిధర్ చెవులు నిక్కపొడుచుకున్నాయి, లోపం బయటపడబోతోందని, తిమ్మరాయప్ప తాపీగా, ఆయుధపూజ దినం బండి కడిగి ముందు జయనగర్ శాంతమ్మగారింటికి తీసుకపోవల్ల, ఆమె దీని మొదటి ఓనరు, ఆడ పూజైనాక హెబ్బగోడి చిక్కమునియప్ప ఇంటికి, కడాకు మా ఇంటికి, మూడిండ్ల ముందరా నిమ్మకాయలు తొక్కించినాకనే మీ ఇంటికి, నేను కొన్నప్పుడు నాకూ ఇట్లే చెప్పిరి, తప్పకుండా చేస్తాండాను, అన్నాడు, గిరిధర్ ముఖం అప్పుడు చూడాలి, బండి కొంటున్నానా పిల్లని చేసుకుంటున్నానా అని గొణుక్కుంటే, తిమ్మరాయప్ప తాళాలు చేతిలో పెట్టేసి, నా మాట నమ్మొద్దప్పా, సాయంత్రం దాకా తిప్పుకో, వాళ్ళిద్దరినీ నువ్వే పోయి అడుగు, అన్నాడు, పక్కన నిలబడిన అనితకి మాత్రం లోపల ఏదో చివుక్కుమంది, పెయింటు వెలిసిన పదేళ్ళ బండి, దీనికి మూడు పుట్టిళ్ళు, ఏడాదికోసారి ఎదురుచూసే వాకిళ్ళు మూడు, ఇనుప డబ్బాని చూసి అసూయపడే రోజు కూడా వచ్చింది తనకి.

శాంతమ్మగారు మనుషుల్ని పలకరించకముందే బండిని పలకరించింది, ఏం బాగుండావా, అని బానెట్టు మీద తట్టి, మందపాటి కళ్ళద్దాలు సర్దుకుని, ఎడమ తలుపు మీది సొట్టను వేళ్ళతో తడిమి, ఇది నేనేనప్పా, మా గేటు స్తంభానికి కొట్టినాను, అని గిరిధర్‌తో చెప్పి చిన్నపిల్లలా నవ్వింది, హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి, ఎందుకమ్మారని గిరిధర్ నసుగుతూ అడిగితే, కండ్లు కనపడక అమ్మినా, లేకుంటే నేనెందుకు అమ్ముదును, అమ్మేటప్పుడు మనసు బేజారైపోయింది, ఏడాదికొకసారి తెచ్చి చూపించిపోతావా అని చిక్కమునియప్పను అడిగేస్తిని, మేస్త్రీలతో తిరిగే మనిషి, నవ్వుతాడేమో అనుకున్నా, తెచ్చినాడు, అంటూ లోపలికి తీసుకెళ్ళి మజ్జిగ ఇచ్చింది, అనిత పొట్ట చూసింది, ఎన్నో నెల అంది, మీ అమ్మ ఎప్పుడొస్తాది తల్లీ అంది, వచ్చే నెల అండీ, మోకాళ్ళ నొప్పులు, రైల్లో రావాలి, అని గిరిధర్ గడగడా అప్పజెప్పాడు, సరి సరి, అమ్మ వస్తాంటే ఇంకేమి, లేకుంటే నేనైనా వచ్చి ఉందును, ఒంటిగా ఇంట్లో గోడలు చూస్తా కూచోనుండాను, అని ఆవిడ మజ్జిగ గ్లాసులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది, ఆ వెళ్ళిపోతున్న వీపును చూస్తూ అనితకి అండీ, ఆగండి, అని అరవాలనిపించింది, బయల్దేరేటప్పుడు కుంకుమ భరిణె తెచ్చిన శాంతమ్మగారు అనిత మెడలోని సన్నటి శిలువ గొలుసు చూసి ఒక్క క్షణం ఆగి, అలవాటు లేకుంటే వద్దులే, పువ్వు పెట్టుకో, పువ్వుకేముంది, అని మూర మల్లెపూలు తనే జడలో తురిమింది, ఆ వేళ్ళు మెడ వెనక తగిలినప్పుడు అనిత కళ్ళు మూసుకుంది, ఎంతకాలమైంది ఎవరైనా జడ ముట్టుకుని.

ఆ పూలు ఎండకి వాడి ఇప్పుడు కారంతా వాసన, గిరిధర్ తుమ్మాడు, మల్లెపూలు పడవు అతనికి, అయినా తీసెయ్యమనలేదు, ఇందాక హెబ్బగోడి దాకా కూడా తుమ్ముతూనే నడిపాడు, అక్కడ రెండో ఓనరు చిక్కమునియప్ప, ఫ్యాక్టరీ కుర్రాళ్ళకి అద్దెకిచ్చే గదుల వరుస ముందు మంచం వేసుకుని ఎదురుచూస్తున్నాడు, శాంతమ్మగారు ఫోన్ చేసి చెప్పేసిందట, కూరగాయలకు వ్యాను కొన్నానప్పా, రెండు బండ్లు నిలిపే జాగా లేదు, అమ్మితి, గ్యాస్కెట్ ఒకసారి మార్పించినా, రేడియేటర్ నీళ్ళు చూసుకుంటాండల్ల, అని అడగకముందే అన్నీ చెప్పేశాడు, మరి ఆ సీటు ఎందుకు జరగదు, అని గిరిధర్ పట్టుకున్నాడు, దొరికింది లోపం అన్నంత సంబరంగా, చిక్కమునియప్ప సిగ్గుపడిపోయి, మా పెద్ద కోడలు కడుపుతో ఉన్నప్పుడు వెనక కూచునేవాళ్ళందరూ సీటు ముందుకు తోసేస్తాండిరి, పిల్లకు ఊపిరాడదు, అందుకని వెనక్కి తోసి బోల్టు బిగించేసినా, తీసేది మరిసిపోతిని, అన్నాడు, ఇక గిరిధర్ దగ్గర ప్రశ్నల్లేవు, మగవాళ్ళిద్దరూ బానెట్టు ఎత్తి తలలు లోపల పెట్టేశారు, చిక్కమునియప్ప భార్య అనితని నీడకి తీసుకెళ్ళి కూర్చోబెట్టి, తెలిసిందే, అదే ప్రశ్న, మీ అమ్మ ఎప్పుడొస్తాది, అనిత గిరిధర్ కోసం చూసింది, అతని వీపు మాత్రమే కనిపిస్తోంది, చెప్పేవాడు లేకపోయేసరికి నోట్లోంచి నిజం వచ్చేసింది, ఎవరూ రారమ్మా, మాది లవ్ మ్యారేజీ, అతని వైపూ రారు, అనేసి, తలవంచుకుని ఆ జాలి చూపు కోసం కాచుకుంది, పెద్దామె చూడలేదు, తిట్టింది, అయితే ఏమి, లవ్ మ్యారేజీ అని నొప్పులు రాకుండా పోతాయా, ఎనిమిదో నెల దాకా నోరు మూసుకోనుండావే, నీకేమన్నా బుద్ధి ఉండాదా, మా కోడండ్ల కాన్పులన్నీ నా చేతి మీదనే అయినాయి, ఆస్పత్రిలో డాక్టరమ్మలు కూడా నన్ను గుర్తుపడతారు, దినాలు దగ్గర పడినాక ఒక్క ఫోను కొట్టు, నేనొచ్చి ఉంటా, ఈయప్ప వచ్చి బండి తోలుతాడు, నీ మొగుని చేతులు అప్పుడు వణకతాంటాయి, అంది, అని, గేటు దాకా వచ్చి గిరిధర్‌కి కూడా అదంతా మళ్ళీ మొదటినుంచీ అప్పజెప్పింది.

అప్పట్నుంచీ గిరిధర్ పెదాలు కదిలేది లెక్కలకని అనుకుంది గానీ, కాదేమో, ఎందుకు చెప్పావ్, అన్నాడు ఇప్పుడు, లారీని చూస్తూనే, కోపం లేదు ఆ గొంతులో, దెబ్బ తగిలినవాడి గొంతు, నిన్ను ఎవరూ అలా చూడకూడదనే కదా నేను, అని ఆగిపోయాడు, అనితకి గుండె నీరైపోయింది, గేరు మీదున్న అతని చెయ్యి మీద చెయ్యి వేసి, అలా చూడలేదు గిరీ, తిట్టింది, బాగా తిట్టింది, అంది, అతను అటు తిరిగి చూశాడు, ఆమె నవ్వుతోంది, కళ్ళ నిండా నీళ్ళు, వెనక బస్సువాడు హారన్ మోగిస్తున్నాడు, బండి తీసుకుందాం, అంది, మళ్ళీ అమ్మాలంటే నాలుగు చేతులైపోతాయి, ఎవడు కొంటాడు, అన్నాడు గిరిధర్, బుద్ధి ఎక్కడికి పోతుంది, అమ్మినప్పుడు మనమూ కండిషన్ పెడదాం, నాలుగో ఇంటికి కూడా తీసుకురమ్మని, అంది, దానికి అతను తుమ్మాడు, తుమ్ముతూనే నవ్వాడు.

ఆ తర్వాత లారీ కదిలి, దారి దొరికి, గాలి లోపలికి వచ్చింది, ఆ గాలితో పాటే ఎన్ని ముఖాలు, కింది ఇంట్లో ఉండే కళ్యాణి, గిన్నెడు ఉలవచారు పట్టుకొచ్చి, నెలలు నిండాక రాత్రిళ్ళు నేను పైన పడుకోనా అక్కా, అంది, మా అమ్మ వస్తోంది కళ్యాణీ, అని తనే చెప్పి పంపేసింది, తన ఆఫీసులో బేబీ మేడమ్, ఇద్దరు పిల్లల తల్లి, సెలవు పెట్టుకుంటాను నువ్వు ఊఁ అను చాలు, అంది, అబ్బే మా అమ్మ వస్తోంది మేడమ్, ఇంటి ఓనరు భార్య పథ్యం వండిపెడతానంది, మా అమ్మ వస్తోందండీ, పొద్దున శాంతమ్మగారు ఖాళీ గ్లాసులు పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది, ఆ లేని అమ్మ ఒక్కొక్కరికీ గుమ్మంలోనే అడ్డం నిలబడింది, వాళ్ళు తేలికపడి, అమ్మ వస్తుంటే ఇంకేం అని తలూపి వెనక్కి తిరిగారు, ఒక్కళ్ళూ కావాలని తిరగలేదు, గిరిధర్ మెల్లగా అడుగుతున్నాడు, ఇకమీద ఎవరైనా అడిగితే ఏం చెప్పను మరి, అత్తయ్య రావడం లేదని చెప్పనా, పాపం తన అత్తగారిని వదులుకోవడం అతనికీ కష్టంగానే ఉన్నట్టుంది, ఏమీ చెప్పకు, మీరొస్తారా అని అడుగు, అంది అనిత, అని సీటుకి వెనక్కి ఆనుకుంది, తనకెవరూ లేరని ఇన్నాళ్ళూ ఏడ్చింది, ఉన్నారు, వస్తామన్నారు కూడా, వద్దన్నది తనే.