ఖాళీ లారీలో చంటిబిడ్డ

"నీ చేతులు పడితే చాలు, మొహం అక్కర్లేదు," అన్నాడు మా ఆయన, ఫోన్ని పుస్తకాల దొంతరకి ఆనించి నిలబెడుతూ. మొదటి పార్సిల్ వచ్చిన రోజు మాట అది. పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసి ఉంచుకోకపోతే, వస్తువు పగిలి వచ్చినా అమ్మినవాళ్ళు ఒప్పుకోరట. ఆయన ఫోన్ నిలబెట్టాడు, నేను కత్తెర పట్టుకున్నాను. రెండో పార్సిల్ నుంచి ఫోన్ నిలబెట్టడం కూడా నా పనే అయింది.

మా ఆయనకి పాత పాటల సామాన్ల పిచ్చి. ఎవరో వాడి వదిలేసిన టేపురికార్డర్లు, రేడియోలు, ఆంప్లిఫయర్లు ఆన్‌లైన్లో గాలించి తెప్పిస్తుంటాడు. తాగడు, పేకాడడు, ఈ ఒక్క సరదాకి ఏమంటాం అని అందరూ అంటారు. నేనూ అంటాను. వెతకడం, బేరమాడటం, పెట్టె ఎక్కడిదాకా వచ్చిందో ఫోన్లో చూసుకుని మురిసిపోవడం ఆయన వంతు. అది పగిలి వస్తే ఆపైదంతా నా వంతు. పాత వస్తువు మోకాలి లాంటిది. నడిచినంతసేపూ బాగానే ఉంటుంది, ఒక్కసారి కింద పడితే లోపలి సంగతులన్నీ బయటపడతాయి. మీటలు ఊడి వచ్చేవి, అద్దాలు బీట తీసి వచ్చేవి, చూడ్డానికి నిక్షేపంలా ఉండి ఊపితే గలగలమనేవి. "పాత సామాన్లవాడు మన వీధికి రావడం మానేశాడే అమ్మాయ్," అంటుంది మా అత్తయ్య. "ఈ ఇంట్లో తనకి పోటీ ఉన్నాడని ఎవరో చెప్పుంటారు."

పార్సిళ్ళు మధ్యాహ్నం పూట వస్తాయి. పొద్దున కంటి ఆసుపత్రిలో నా పని ముగించుకుని వచ్చి, అత్తయ్యకి భోజనం పెట్టి, గిన్నెలు తోముకుని అప్పుడు పెట్టె ముందు కూర్చుంటాను. నాలుగు మూలలా ఫొటోలు, లోపలి సర్దుడు ఫొటో, విరిగిన ముక్క ఫొటో. తర్వాత ఆయన అకౌంటులోంచి ఫిర్యాదు రాయడం. వాళ్ళు అడిగినవాటికి జవాబులు చెప్పడం. వాళ్ళు ఒప్పుకున్నాక మళ్ళీ అన్నీ పొందిగ్గా సర్ది, టేపు వేసి, తీసుకెళ్ళే అబ్బాయి కోసం ఎక్కడికీ కదలకుండా కాపలా కాయడం. ఒకసారి నడుము పట్టేసిందని చెబితే, "అదేం పని? రెండు ఫొటోలు తీసి నాలుగు ముక్కలు రాసి పడెయ్యడమేగా," అన్నాడు. వేళాకోళానికి అన్నది కాదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. అందుకే కోపం తెచ్చుకోవడానికి కూడా వీలు చిక్కలేదు.

నిజం చెప్పాలంటే ఆ నాలుగు ముక్కలు రాయడం నాకు ఇష్టం. మా పుట్టింట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటిదాన్ని నేను. ఇంకా చదువు పూర్తికాకముందే వీధిలోవాళ్ళంతా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. కుళాయి రావట్లేదనీ, కరెంటు స్తంభం ఒరిగిందనీ, పింఛను ఆగిపోయిందనీ అర్జీలు. "అమ్మడూ, వాళ్ళకి గుచ్చుకునేలా రాయవే," అనేవాళ్ళు. రాసేదాన్ని. కింద వాళ్ళ వేలిముద్ర పడేది. కుళాయిలో నీళ్ళొస్తే మా అమ్మ వీధి అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళందరికీ "మా పిల్ల రాసిందే," అని చెప్పుకునేది. ఇంకొకరి పేరు మీద రాయడం నాకు అప్పటినుంచే అలవాటు. అందుకని ఆసుపత్రిలోనూ కష్టమనిపించలేదు. డాక్టరుగారు పెద్ద ఆసుపత్రులకి పంపే ఉత్తరాలు ఆయన రెండు మాటలు చెబితే నేను రెండు పేజీలు చేస్తాను. ఎవరైనా బాగుందంటే, "మా ఆఫీసమ్మాయి టైపు చేసింది," అంటారు. టైపు చేశానట!

అకౌంటు మా ఆయనది కాబట్టి అమ్మేవాళ్ళంతా నన్ను సార్ అంటారు. "క్షమించండి సార్." "మీరు చెప్పింది నిజమే సార్." మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత ఆ సార్ అంటే నాకే గౌరవం కలిగింది. నిదానస్తుడు, న్యాయం మాట్లాడతాడు, ఎవర్నీ ఒక్క తిట్టు తిట్టడు, అబద్ధం ఆడితే మాత్రం వదలడు. అలాంటి మగాణ్ణి నేను బయట ఎక్కడా చూడలేదు.

పోయిన నెలలో ఒక ఆంప్లిఫయర్ వచ్చింది. పాతవి బాగుచేసి అమ్మే ఒక షాపువాళ్ళు పంపారు. వాళ్ళ దగ్గర్నుంచి వచ్చినవి అదివరకు కూడా దెబ్బతిన్నాయి. దీని లోపల ఒక పక్కన ఇనుపముద్దలాంటి ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, బరువంతా దానిదే. అది మరలతో సహా ఊడొచ్చి పక్కనున్నవాటన్నిటి మీదా పడి ఉంది. చుట్టూ బుడగల కవరు మాత్రం పొరలు పొరలుగా చుట్టారు, పాపం. కానీ పెట్టె మరీ పెద్దది, మిగతా చోటంతా ఖాళీ. సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వస్తూనే, "ఇవాళ రాయకపోతే గడువు దాటిపోతుంది," అన్నాడు. వంటింటి గట్టు మీదే ఫోన్ పెట్టుకుని రాశాను. "మీరు శ్రద్ధగా చుట్టారు, కాదనను. కానీ మీ సర్దుడు ఎలా ఉందంటే, చంటిబిడ్డకి మూడు స్వెట్టర్లు తొడిగి, ఖాళీ లారీలో ఒంటరిగా పడుకోబెట్టి ఊళ్ళు దాటించినట్టుంది. బిడ్డకి చలి వెయ్యలేదు. దెబ్బలు మాత్రం తగిలాయి." పంపేశాను.

మర్నాడు ఆ షాపు మేనేజరు ఫోన్ చేశాడు. మా ఆయన ఫోన్ ఛార్జింగులో ఉంటే నేను తీశాను. "సార్ ఉన్నారామ్మా? ప్యాకింగ్ గురించి మాట్లాడాలి." నాతో మాట్లాడండి అనొచ్చు. నోటిదాకా వచ్చింది కూడా. "స్నానానికెళ్ళారు, సాయంత్రం చెయ్యండి," అన్నాను. అలవాటు అలాంటిది.

సాయంత్రం మళ్ళీ చేశాడు. "ఆఁ, ప్యాకింగా? చెప్తా చెప్తా," అంటూ మా ఆయన నా వైపు చూశాడు. వంకాయలు తరుగుతున్నదాన్ని లేచి ఆయన పక్కకి వెళ్ళాను. "బరువున్న పక్క అట్టముక్కలు కూరాలి," అన్నాను చెవిలో. "బరువున్న పక్క అట్టముక్కలు కూరాలండీ," అన్నాడు ఆయన గట్టిగా. "మూత వేశాక ఊపి చూడాలి." "మూత వేశాక ఊపి చూడాలి, మరి!" ఆ 'మరి' ఒక్కటే ఆయన సొంతం. చివరికి ఆ మేనేజరు ఆదివారం మా షాపుకొచ్చి పనివాళ్ళకి ఒకసారి చూపిస్తారా సార్ అని అడిగాడు. మా ఆయన మొహం వెలిగిపోయింది. ఒప్పేసుకున్నాడు. ఫోన్ పెట్టేసి, "నువ్వూ రా, పక్కనుండి కొంచెం అందిస్తూ ఉందువుగాని," అన్నాడు.

"రాసింది నేనని చెప్పొచ్చుగా," అన్నాను.

"ఎవరు రాస్తే ఏముందే? మనిద్దరం వేరా? అకౌంటు నా పేరునుంది, ఇప్పుడు అదంతా విడమర్చి చెబితే వాళ్ళేమనుకుంటారు?"

అవును, ఏముంది? ఇంత చిన్నదానికి పోట్లాడితే నాదే తక్కువ బుద్ధి అనిపిస్తుంది. ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఆయన తెప్పించిన రేడియో ఒకటి బాగుపడి వంటింట్లో పాడుతోంది, దాని తోడుతో గిన్నెలు తోముకోవడం నాకూ హాయిగానే ఉంది. నాకు లేనిది ఏమిటని వెతికితే, పెద్దగా ఏం కనపడలేదు. ఆ చంటిబిడ్డ మాట నాదని ఒక్క పరాయి మనిషికి తెలిస్తే బాగుణ్ణు, అంతే. కానీ ఆ 'అంతే' రెండు రోజులైనా గొంతు దిగలేదు. అత్తయ్య మంచం మీద నుంచే అంతా విన్నట్టుంది. నా చేత కాళ్ళకి నూనె రాయించుకుంటూ, "వాడి నోట్లో మాటలు ముద్దలు చేసి పెట్టావు, సరే," అంది. "చిన్నప్పుడు నేనూ అలాగే పెట్టాను. ఎప్పుడు మానెయ్యాలో నాకు తెలిసింది కాదు."

ఆదివారం వెళ్ళాం. ఊరి చివర, రైలు పట్టాల పక్కన పెద్ద రేకుల షెడ్డు. వరసగా బల్లలు, బల్లల మీద కడుపులు విప్పిన రేడియోలు, ఒక మూల అట్టపెట్టెల గుట్ట. షాపు యజమాని ఒక పెద్దావిడ. కళ్ళజోడు మెళ్ళో వేలాడుతోంది, చేతులకి గ్రీజు. మా ఆయన నవ్వుతూ నమస్కారం పెట్టాడు. ఆవిడ ఆయనకి కుర్చీ చూపించి, నాతో, "ఎండలో పడి వచ్చావు, ఆ ఫ్యాను కింద నిలబడమ్మా," అంది. నేను ఫ్యాను కిందికి కాకుండా ఆయన కుర్చీ వెనక్కి వెళ్ళి నిలబడ్డాను.

రికార్డు ప్లేయరు ఒకటి తెచ్చి ముందు పెట్టారు. "దీన్ని ఎలా పంపాలి సార్?" అన్నాడు మేనేజరు. నేను వంగాను. "పైన తిరిగే పళ్ళెం ఊడదీసి విడిగా చుట్టాలి," అన్నాడు మా ఆయన. నేను వంగాను. "ముల్లున్న చెయ్యిని దారంతో కట్టెయ్యాలి," అన్నాడు. బాగానే సాగుతోంది. అందరూ తలలూపుతున్నారు. ఇంతలో పక్క బల్ల దగ్గర పెట్టె మూస్తున్న ఒకామె, దాన్ని రెండు చేతుల్తో ఎత్తి ఊపి, చెవి ఆనించి, తన తోటి ఆమెతో అంది: "ఒసే, బిడ్డ కదులుతోందే."

"అట్ట కూరు అటువైపు. నిద్రపోతుంది."

నేను వింటూ ఉండిపోయాను. పెద్దావిడ నవ్వింది. "మీ చలవే సార్. మీరు రాసింది వీళ్ళందరికీ చదివి వినిపించాను. ఆ రోజు నుంచి ఇక్కడ పెట్టె లేదు, పార్సిల్ లేదు. బిడ్డే. 'బిడ్డ పడుకుందా?' అని అడక్కుండా ఎవరూ టేపు వెయ్యరు. ఈ నాలుగు రోజుల్లో పంపినవాటిలో దెబ్బతిందని ఒక్క ఫిర్యాదూ రాలేదు."

ఆ ఆడవాళ్ళిద్దరూ మా ఆయన వైపు మెచ్చుకోలుగా చూశారు. ఆయన మొహమాటంగా తల వంచుకున్నాడు. నేను రాసిన అర్జీకి కుళాయిలో నీళ్ళొచ్చినప్పుడు కలిగిన సంతోషం నాకు గుర్తుంది. ఇది దానికంటే పెద్దది. ఎవరో తెలియని ఇద్దరు మనుషులు నా మాటని చేతుల్లోకి తీసుకుని పనిచేసుకుంటున్నారు. ఇంత సంతోషాన్ని ఇంకొకరి వీపు వెనక నిలబడి ఎలా అనుభవించాలో నాకు తెలియలేదు.

"ఒక్కటి అడుగుతాను సార్," అంది పెద్దావిడ, కళ్ళజోడు పెట్టుకుని ఆయన్ని పరీక్షగా చూస్తూ. "ఆ మాట మీకు ఎలా తట్టింది? చదవగానే అనుకున్నాను, మగవాళ్ళకి తట్టే మాట కాదే ఇది అని."

మా ఆయన మెడ కొంచెం వెనక్కి వాలింది, నేను వంగడానికి వీలుగా. నేను వంగలేదు. ఆయన మెడ అలాగే ఉంది. ఫ్యాను తిరుగుతోంది. బల్లల దగ్గర చేతులు ఆగాయి. ఆయన నెమ్మదిగా వెనక్కి తిరిగి నా మొహంలోకి చూశాడు, పాఠం మరిచిపోయిన పిల్లాడిలా. నాకు జాలేసింది. అయినా ఆయన చెవిలో చెప్పాలనిపించలేదు. కుర్చీ పక్కనుంచి ముందుకొచ్చి, ఆవిడకి ఎదురుగా నిలబడ్డాను.

"అది రాస్తుంటే పొయ్యి మీద పాలు పొంగిపోయాయండీ," అన్నాను. "పొయ్యి తుడుచుకుని వచ్చి, ఆ చిరాకులోనే పంపించేశాను. లేకపోతే ఇంకొంచెం మెత్తగా రాసేదాన్ని."

పెద్దావిడ నన్ను చూసింది, ఆయన్ని చూసింది, మళ్ళీ నన్ను చూసింది.

"అందుకా," అన్నాడు మా ఆయన, కుర్చీలోంచి లేస్తూ, "ఆ రోజు నాకు టీ లేదన్నావు!"

పక్క బల్ల దగ్గర ఆడవాళ్ళు పెట్టెని వదిలేసి మరీ నవ్వారు. ఆ షెడ్డులో అడుగుపెట్టాక, నేను అందించకుండా ఆయన అన్న మొదటి మాట అదే.