పొంగిన రొట్టె

రొట్టె పెనం మీద పొంగుతోంది. పొంగకూడదు.

హెలెన్ అట్లకాడతో నొక్కింది. నొక్కినచోట అణిగి, పక్కన బుగ్గలా లేచింది. మూడేళ్లుగా నెలనెలా మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్లకి, అందరూ పంచుకు తినేందుకు, రొట్టె ఆమే చేస్తోంది. పిండి, నీళ్లు, చిటికెడు ఉప్పు, అంతే. పులిసినదేదీ బల్ల మీదికి రాకూడదని వాళ్ల సంఘంలో గట్టి నియమం. సంఘపెద్ద బాలశౌరి అంకుల్ రెండు చేతులతో ఎత్తి విరిస్తే వెనక వరుసదాకా చప్పుడు వినిపించేంత పలచగా ఉండాలి. ఇదేమో దూదిలా మెత్తగా, చిటికెనవేలు మందాన తయారైంది.

"ఏమండీ, ఒకసారి ఇటొచ్చి చూడండి. రొట్టె ఎందుకో పొంగుతోంది."

మోజెస్ ఐర్లండ్‌లోని ములింగార్ ఆసుపత్రిలో నర్సు. పొద్దున్నే డ్యూటీ దిగి వచ్చి సోఫాలో ఫోను చూస్తున్నాడు. లేచొచ్చి పెనంలోకి తొంగిచూశాడు.

"బానే ఉందిగా. గుడ్డ కప్పి పెట్టు, టైమైపోతంది."

"నిన్న మీరు తెచ్చిన మైదా. సంచి రంగు వేరేగా ఉంది."

"మైదాకి రంగులేంటి హెలెన్? ప్రతిదానికీ కంగారు నీకు."

కంగారు మాట నిజమే. ఆరేళ్ల వర్షిత రెండుసార్లు దగ్గితే జీపీ డాక్టరుకి ఫోన్ చెయ్యాలా వద్దా అని కంగారు. స్కూలు నుంచి కాగితం వస్తే అందులో ఏముందోనని కంగారు. ఇంటి లీజు కవరు తలుపు సందులోంచి పడితే దాన్ని మోజెస్ వచ్చేదాకా ప్రెస్సు అని ఇక్కడివాళ్లనే అలమారలో, గిన్నెల వెనక పెట్టి ఉంచుతుంది. వేటపాలెంలో పదో తరగతి అర్ధసంవత్సరం పరీక్షలప్పుడు అమ్మ పోయింది. ఇంట్లో ముగ్గురు తమ్ముళ్లు, మూడు క్యారేజీలు. "ఈ ఏడాదికి ఆగు, వచ్చే ఏడాది రాద్దువు" అన్నాడు నాన్న. ఆ వచ్చే ఏడాది రాలేదు. అప్పుడు పిండిలో పెట్టిన చెయ్యి ఇంకా పిండిలోనే ఉంది.

అయితే ఈ ఆదివారం ఆమె గుండెల్లో రాయి రొట్టె కాదు, పిల్లల క్లాసు.

ఏడేళ్లుగా సంఘంలో పిల్లల క్లాసు చెప్పేది ఎస్తేరమ్మ ఆంటీ. ఒంగోలు మనిషి, ఇక్కడ వృద్ధుల నర్సింగ్ హోములో కేరర్. మోకాలి ఆపరేషన్ దగ్గరపడి పిల్లలతో తిరగలేక, పోయిన ఆదివారం హాలు వంటగదిలో కప్పులు కడుగుతూ అంది.

"ఏందే హెలెనూ, వచ్చే వారం పిల్లలకి నువ్వు చెప్పు. ఇశ్రాయేలీయులు ఐగుప్తు బానిసత్వంలోంచి బయల్దేరే పాఠం."

"నేనా ఆంటీ? నాకేం వచ్చు?"

"నీకొచ్చిందే చెప్పు. రానిది చెప్పేవాళ్లు హాల్లో శానామంది ఉన్నార్లే."

ఇంటికొచ్చి చెబితే మోజెస్ నవ్వాడు. నవ్వాక ఓర్పుగా విడమరిచాడు. "పదో తరగతి దాటలేదు నువ్వు. ఆ పిల్లలు స్కూల్లో ఫరోల మీద ప్రాజెక్టులు చేస్తారు. ఐరిష్ యాసలో గడగడా ఏదో అడుగుతారు, నువ్వు నోరెళ్లబెడతావు. నా పరువు కూడా చూసుకోవాలిగా. సరే, ఒప్పుకున్నావు కాబట్టి ఈ ఒక్క వారం కానియ్. తర్వాత ప్రజ్వల్‌కి ఇమ్మని అంకుల్‌తో నేను మాట్లాడతా." ప్రజ్వల్ అంటే అథ్లోన్‌లో ఎమ్మెస్సీ చదువుతూ ఆదివారాలు బస్సెక్కి వచ్చే కుర్రాడు. అతన్ని ఎవరూ అడగలేదు.

అప్పటిదాకా ఆమెకి భయమే తెలుసు. ఆ క్లాసు తనకి కావాలని ఉందన్న సంగతి మోజెస్ వద్దన్నాకే తెలిసింది.

వర్షితని స్కూల్లో దించి వచ్చి, ఉతికిన బట్టల బుట్ట పక్కన పెట్టుకుని, ఆ వారమంతా బైబిల్లో వాక్యం మీద వేలు పెట్టి చదివింది. చిన్నప్పటినుంచీ విన్న కథే. మగవాళ్ల గొంతుల్లో విన్న కథ: కర్ర పాము కావడం, సముద్రం చీలడం, కొండ మీద ఉరుములు. తనంతట తను చదువుకుంటే వేరే సంగతులు తగిలాయి. అంత గొప్ప ఐగుప్తు రాజుకి, అంటే ఈజిప్టు రాజుకి, అక్కడ పేరే లేదు, ఉత్త ఫరో. బానిసలకి పుట్టే మగబిడ్డల్ని అతను చంపమన్నా చంపని ఇద్దరు మంత్రసానులకి మాత్రం పేర్లున్నాయి, షిఫ్రా, పూయా అని. అన్ని వేల ఏళ్లు ఆ రెండు పేర్లూ ఎవరో జారిపోకుండా మోసుకొచ్చారు. వర్షిత పుట్టినప్పుడు ఈ ఊరి ఆసుపత్రిలో పద్నాలుగు గంటలు తన చెయ్యి వదలకుండా కూర్చుని, తర్వాత వేడి టీ, వెన్న రాసిన టోస్టు తెచ్చిపెట్టిన ఐరిష్ మంత్రసాని గుర్తొచ్చింది. అంత రుచైన తిండి అంతకుముందూ ఆ తర్వాతా తను తినలేదు. ఆమె పేరైనా అడగలేదు. హెలెన్ ఆ బట్టల పక్కనే కళ్లు మూసుకుని పేరు తెలియని ఆ మనిషి కోసం ప్రార్థన చేసింది.

ఆ రోజుల్లో ఇశ్రాయేలీయుల దేవుడికి గుడి లేదట. చుట్టూ ఉన్న జనాలకి ఊరికో దేవుడు, కూర్చున్నచోటినుంచి కదలని దేవుడు. వీళ్ల దేవుడికి బొమ్మ లేదు, గుడారం ఉంది, జనం కదిలితే తనూ కదిలాడు. ఊరు వదిలి ఈ చలిదేశం వచ్చిన హెలెన్‌కి ఆ మాట కడుపులోకి వేడిగా దిగింది. ఆ గుడారానికి మేకవెంట్రుకలు వడికింది ఆడవాళ్లేనని రాసుంది. ఇన్నేళ్లలో ఏ ప్రసంగంలోనూ ఆ మాట చెవిన పడలేదు. ఆ తర్వాతి పేజీల్లో ఆడవాళ్ల ఏడు రోజుల మైల గురించీ రాసుంది, అది మాత్రం అందరికీ కంఠతా వచ్చు. నెలనెలా శనివారం బాలశౌరి అంకుల్ భార్య సంతోషకుమారి ఆంటీ ఫోన్ చేసి, "రేపు రొట్టె నువ్వే గదా, శుభ్రంగానే ఉన్నావా అమ్మా?" అని అడిగేది ఆ పేజీ పట్టుకునే. వడికిన చేతుల పేజీ పట్టుకుని ఎవరూ ఎప్పుడూ ఫోన్ చెయ్యలేదు.

బుధవారం చదువుతూ ఒకచోట ఆగిపోయింది. ఉన్నపళంగా బయల్దేరాల్సి వచ్చి, ఇంకా పులియని పిండిని గిన్నెలతో సహా బట్టల్లో మూటగట్టి, భుజాల మీద పెట్టుకుని నడిచారట. తడిపిండి బరువు హెలెన్‌కి తెలుసు. అప్పట్లో ఈస్టు ప్యాకెట్లు ఎక్కడివి? నిన్నటి పిండిలో ఒక ముద్ద మిగిల్చి ఇవాళ్టి పిండిలో కలిపి ఉంటారు, అమ్మ పెరుగు చుక్క మిగిల్చి పాలలో తోడు వేసినట్టు. ఐర్లండ్ వచ్చిన కొత్తలో చలికి పాలు తోడుకోక ఏడుస్తుంటే, ఎస్తేరమ్మ ఆంటీ ఐస్‌క్రీం డబ్బాలో పెరుగు పోసి, తువ్వాలు చుట్టి, బిడ్డని తెచ్చినట్టు తెచ్చి ఇచ్చింది. ఆ తోడు ఇప్పటికీ ఇంట్లో ఆగిపోలేదు. ఆ ఆడవాళ్లకి తోడు పెట్టే వ్యవధి కూడా దొరకలేదు. ఆ తొందరే, దేవుడు తమని విడిపించిన గుర్తుగా, పొంగని రొట్టె అయి మిగిలిపోయింది. ఇది తను చెప్పగలదు. చెయ్యి పెట్టి చూపించగలదు. అందుకే ఆదివారం మిగిలిన మైదా సంచీ, చిన్న స్టీలు గిన్నెలూ కూడా కారులో పెట్టుకుంది.

అద్దె హాల్లో ఆరాధన మొదలయ్యే ముందు బాలశౌరి అంకుల్ బల్ల మీద తెల్లగుడ్డ ఎత్తి చూశాడు.

"ఇదేంటమ్మా, కేకా?"

ముందు వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. సంతోషకుమారి ఆంటీ అంచు తుంచి వేళ్ల మధ్య నలిపింది. "సోడా పడిందండీ ఇందులో. పొంగింది."

అందరూ హెలెన్ వైపు చూశారు. హెలెన్ మోజెస్ వైపు చూసింది. పిండి తెచ్చింది ఆయన. బానే ఉంది పెట్టెయ్ అన్నదీ ఆయనే. ఆ మాట ఇప్పుడు ఆయన నోటినుంచి వస్తుందని ఎదురుచూసింది.

మోజెస్ నవ్వాడు. "దానికి ఇంగ్లీషు రాదు గదా అంకుల్. ప్యాకెట్ మీద ఏముందో చూసుకోదు. అందుకే నేననేది, పిల్లల క్లాసు కూడా ప్రజ్వల్‌కి ఇస్తే పద్ధతిగా ఉంటది."

"సర్లే, ఆ సంగతి ఆరాధనయ్యాక చూద్దాం. ప్రజ్వల్, పక్క షాపులో క్రీమ్ క్రాకర్ బిస్కెట్లు పట్రా నాయనా, బల్లకి. అవి పొంగవు."

హెలెన్ పళ్లెం తీసుకుని వంటగదిలోకి వచ్చింది. చెత్తబుట్ట మూత మీద కాలు పెట్టింది. మర్నాడు ఆపరేషన్‌కి వెళ్లాల్సిన ఎస్తేరమ్మ ఆంటీ గుమ్మంలో చేతికర్ర మీద ఆనుకుని నిలబడింది.

"అన్నం లాంటిది, పారేస్తావా?"

"ఏం చెయ్యమంటారు ఆంటీ? బల్లకి పనికిరాలేదు."

"బల్లకి రాకపోతే పిల్లలకొస్తది. తొమ్మిదిమంది కూర్చోనున్నారు లోపల. అట్లనే చేత్తో పట్టుకోని పో."

ఆంటీ హెలెన్ కళ్లు తుడవలేదు, ఓదార్చలేదు. తలుపు తెరిచి పట్టుకుంది, అంతే. ఆ తలుపు తెరిచి పట్టుకున్నందుకు హెలెన్ తర్వాత ఎన్నిసార్లు దేవుడికి కృతజ్ఞతలు చెప్పుకుందో.

హెలెన్ పిల్లల గదిలో టేబుల్ మీద రొట్టె పెట్టి, తెలుగులో అడిగింది. "ఇదేంటి?"

"నాన్," అన్నారు ఇద్దరు.

"కాదు. ఆంటీ చేసిన తప్పు."

పిల్లలు నవ్వారు. ఆ నవ్వులో ముల్లు లేదు. వర్షిత మైదా సంచి తిప్పి చదివింది. "సెల్ఫ్ రైజింగ్. ఇట్ కమ్స్ అప్ బై ఇట్‌సెల్ఫ్, మ్యామీ. యూ నీడ్ ద అదర్ వన్."

"అంతేనా?" అంది హెలెన్. వారం రోజుల బరువు ఆ చిన్నమాటతో సగం దిగింది. అంతే.

తర్వాత తను ఏ భాషలో మాట్లాడిందో ఆమెకే గుర్తులేదు. వాళ్లు ఇంగ్లీషులో అడిగారు, ఆమె తెలుగులో చెప్పింది, ఎక్కడా ఎవరూ ఆగలేదు. గిన్నెల్లో పిండి పోసి నీళ్లు పోసింది, పద్దెనిమిది చేతులు అందులో దిగాయి. "పిండి పొంగాలంటే ఆగాలి. ఆగితే ఫరో మనసు మారిపోతుంది. మరి ఏం చేద్దాం?" అంది. "రన్," అన్నారు. "పిండి?" అంది. ఎవరికీ తోచలేదు. అప్పుడు వాళ్ల జాకెట్లు తెచ్చి, గిన్నెలు మూటగట్టి, భుజాలకెత్తింది.

"హూ క్యారీడ్ ఇట్, ఆంటీ? ద డాడ్స్?" అని అడిగింది ఒక పిల్ల.

హెలెన్ ఆలోచించింది. "అది రాయలేదమ్మా. మీ ఇంట్లో పిండి కలిపేదెవరు?"

మ్యామీ, మ్యామీ అన్నారు అందరూ. ఒక పిల్ల మాత్రం చెయ్యెత్తి, "మై డాడ్ మేక్స్ ద పాన్‌కేక్స్," అంది.

"అయితే మీ డాడీ కూడా మోసుంటాడు. బరువుగా ఉందా?"

"ఇట్స్ గ్రాండ్," అంది ఆ పిల్ల, ఏం పర్లేదన్నట్టు.

వరుసగా నడిచారు. వంటగది దాటి, వరండా దాటి, ఎవరు తోశారో గాని హాలు తలుపు తెరుచుకుంది. బాలశౌరి అంకుల్ ప్రకటనలు చదువుతున్నాడు. తొమ్మిదిమంది పిల్లలు భుజాన మూటలతో, ముక్కు మీద పిండితో ఆయన ముందునుంచి నడిచారు.

"ఏంటమ్మా ఇది?"

"వి ఆర్ లీవింగ్ ఈజిప్ట్, అంకుల్," అంది వర్షిత ఆగకుండా.

హాలంతా నవ్వింది. చివరి పిల్ల మూట జారబోతే సంతోషకుమారి ఆంటీ కుర్చీలోంచి లేచి దాన్ని సర్ది, రెండడుగులు తనూ నడిచింది. బాలశౌరి అంకుల్ కళ్లజోడు తీసి, "నడవండి, నడవండి. ఆగొద్దు," అన్నాడు. ఆ గొంతులో ఏదో మెత్తబడింది.

ఆరాధనయ్యాక వంటగదిలో వర్షిత బల్ల మీద విరిచిన క్రాకర్ల ఖాళీ ప్యాకెట్ పట్టుకుని చదువుకుంటోంది. వీట్ ఫ్లోర్, ఆయిల్, ఈస్ట్, సాల్ట్. హెలెన్ ప్యాకెట్ తీసుకుని మూడోదాని మీద వేలు పెట్టి తనూ చదివింది. మళ్లీ చదివింది. మడిచి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది.

బాలశౌరి అంకుల్ గుమ్మంలోకి వచ్చాడు, వెనకే మోజెస్. "వచ్చే వారం పిల్లలకి ఎవరమ్మా మరి? మోజెస్ ఏమో ప్రజ్వల్ అంటన్నాడు."

"ఎర్రసముద్రం పాఠం అంకుల్," అంది హెలెన్. "నేనే చెప్తాను. ఆ పైవారం కూడా."

ఆయన ఆమెనీ, ఎస్తేరమ్మ ఆంటీనీ చూసి తలూపాడు.

కారులో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మోజెస్ అన్నాడు. "అందరి ముందు అట్లా అనేశావు. క్లాసంటే ఊరికే అవుద్దా? మళ్లీ బల్లకి రొట్టె ఎవరు చేస్తారు?"

హెలెన్ ప్యాకెట్ తీసి ఆయన చేతికిచ్చింది. "మూడోది చదవండి."

చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అంటే ఇవాళ అందరం..."

"ఎవరికీ చెప్పన్లెండి. దేవుడు నవ్వుకునే ఉంటాడు."

వెనకసీట్లో వర్షిత పొంగిన రొట్టె తుంచుకుని తింటోంది. ఆ వాసన కారంతా నిండింది. ఆ సంచి ఇంటికి రాకపోతే ఇవాళ పిల్లల ముందు నోరు తెరిచే ధైర్యం ఎక్కడినుంచి వచ్చేదో హెలెన్‌కి తెలియదు. అందుకే ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు, మనసారానే అంది.

"ఆ పిండి తెచ్చినందుకు మీకు థాంక్సండీ. వచ్చే నెల రొట్టె మాత్రం మీరే చెయ్యండి. ప్యాకెట్ మీద ఇంగ్లీషు మీకొచ్చు. నాకు క్లాసుంది."