పిల్లాణ్ణి రానిచ్చే ల్యాబు

చేరదామని చూసిన మొదటి కాలేజీ ఇంటి వెనక వీధిలోనే ఉంది. ల్యాబులో మిషన్ల మీద ప్లాస్టిక్ కవర్లు ఇంకా విప్పలేదు. "పిల్లాణ్ణి బయట ఉంచడం దేనికమ్మా, లోపలికే తెచ్చుకోండి" అన్నాడు మేనేజరు. చంటాడు బల్లల కింద పాకుతూ తిరిగినా ఎవరూ అదిలించలేదు.

"ఇంకేం కావాలే నీకు? వాడికి పాలు పడుతూ పాఠం వినొచ్చు" అంది ఆడపడుచు.

చంటాడి తల్లికి మాత్రం ఎక్కడో తేడా కొట్టింది. ఆగిపోయిన చదువును పెళ్లయ్యాక కిందామీదా పడి గట్టెక్కించుకుంది. ఈ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సయినా సరిగ్గా చేస్తే ఉద్యోగం, సొంతంగా ఓ గది. లేదంటే మొగుడూ తనూ బతికినన్నాళ్లూ ఈ ఆడపడుచు ఇంటి వెనక గదే గతి.

రెండో కాలేజీకి రెండు బస్సులు మారాలి. ల్యాబు గుమ్మంలోనే మేడమ్ చెయ్యి అడ్డం పెట్టింది. "బాబు బయటే ఉండాలమ్మా. వాడి చేతుల మీది క్రిములు మా పరీక్ష పళ్లేల్లో మొలుస్తాయి."

లోపల ఏదో ఉడుకుతున్న ఘాటు వాసన. విద్యార్థుల కోట్ల నిండా మరకలు. చదివితే ఇక్కడే చదవాలనిపించింది ఆమెకు.

సీటు ఇవ్వాలంటే చేతి పరీక్ష. గాజు పెట్టెలోకి చేతులు పెట్టి, చిన్న పళ్లేల్లో ద్రవం పోయాలి. పని అయ్యేదాకా చేతులు బయటికి తీయకూడదు, తీస్తే బయటి క్రిములు చేరతాయి. షరతు అదొక్కటే.

"వదినా, వాణ్ణి కాస్త అటు చివర తిప్పండి. నన్ను చూస్తే ఆగడు" అంది, వెంట వచ్చిన ఆడపడుచుతో.

"నలుగుర్ని పెంచినదాన్ని, నాకు చెప్తున్నావా?"

ఆమె పెట్టెలోకి చేతులు పెట్టింది. పళ్లేలు ఒక్కొక్కటే నిండుతున్నాయి. అంతలో కిటికీ అద్దం మీద టకటకమని చప్పుడు. "అదిగోరా మీ అమ్మ! పిలువు, పిలువు!" ఆడపడుచు వాణ్ణి ఎత్తి చూపిస్తోంది. వాడు ఒక్క ఊపున ముందుకు దూకి నుదురు అద్దానికి కొట్టుకుని గుక్కపట్టాడు.

తనకు తెలియకుండానే చేతులు బయటికి వచ్చేశాయి.

"అవన్నీ పారేయాలమ్మా" అంది మేడమ్ మెల్లగా.

"ఒక్క క్షణమే కదండీ!"

"క్షణం చాలు. వచ్చే ఏడాది మళ్లీ రా."

బస్సులో ఆమె అడగనే అడిగింది. "కిటికీ దగ్గరికి ఎందుకు తెచ్చారు వదినా?"

"నా ఇంట్లో ఉంటూ నన్నే నిలదీస్తున్నావా? వచ్చే ఏడాది ఇంకెవరినైనా చూసుకో. నేను మోయను."

పిల్లాణ్ణి చూడ్డానికి ఇంకెవరున్నారు? వెనక వీధి కాలేజీలోనే చేరింది. మొదటిరోజు మాస్టారు ఓ కవరు అంచు ఎత్తి మిషను చూపించి మళ్లీ కప్పేశాడు. చంటాడు బల్ల మీదికి పాకి, నోట్లోంచి వేళ్లు తీసి పళ్లెంలో పెట్టాడు.

"బుల్లి సైంటిస్టు!" అని క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వుతూ వాడి వేళ్లు తుడిచింది.

పళ్లెం మాత్రం ఎవరూ పారేయలేదు.