పదిహేడు గంటలు

లాతూరులోని ఆ కోచింగ్ క్లాసులో సోమవారం ఉదయం పాఠంతో మొదలుకాదు. వైద్య ప్రవేశ పరీక్షకు తయారవుతున్న మొదటి బ్యాచ్, అంటే మార్కుల్లో ముందున్న పిల్లలు, వరసగా వచ్చి, ముందురోజు ఎన్ని గంటలు చదివారో బోర్డు మీద తమ పేరు పక్కన రాయాలి. పన్నెండు, పదమూడు, పద్నాలుగు. పది రాసినవాడు ఎవరి ముఖమూ చూడకుండా వెళ్లి కూర్చుంటాడు.

ఆ సోమవారం ఋతుజా పదిహేడు రాసింది.

"చూశారా," అన్నారు క్లాసు నడిపే కదమ్ సర్. "ఈ పిల్ల అన్నం డబ్బా మూత తియ్యకుండానే మెస్సుకు తిరిగి పోతోందట. ఆకలే గుర్తులేదు. మీరేమో భాకరీ రొట్టె మందంగా ఉందని పంచాయితీ పెడతారు. కొట్టండి చప్పట్లు."

నలభై మందీ కొట్టారు. మనం ఆ గదిలో ఉంటే మనమూ కొట్టేవాళ్లమే.

ఋతుజా అబద్ధం రాయలేదు. పదిహేడు గంటలూ కుర్చీలోనే ఉంది. అయితే పదకొండు రోజులుగా ఆమె ముందున్నది ఒకటే పేజీ, మూత్రపిండం బొమ్మ ఉన్న పేజీ. వాక్యం చివరికి వచ్చేసరికి మొదటి మాట జారిపోయేది. పడుకుంటే నిద్ర రాదు, లేస్తే ఒళ్లు కదలదు. లోపల ఒక గొంతు ఆగకుండా మాట్లాడేది. నువ్వు పనికిరావు, నీవల్ల కాదు, అందరికీ బరువు. ఆ గొంతు ఆమెదే కావడంతో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలిసేది కాదు. చప్పట్లు పడిన ప్రతిసారీ అది ఇంకాస్త పెద్దదయ్యేది. తనకు జరుగుతున్నదానికి ఆమెకు తెలిసిన పేరు ఒక్కటే, కష్టపడటం. ఆ కష్టాన్నేమో అందరూ మెచ్చుకుంటున్నారు.

బుధవారం మధ్యాహ్నం మెస్సు నడిపే మందాకాకు, పిల్లలందరికీ కాకు అంటే పిన్ని, స్వయంగా హాస్టల్ మెట్లెక్కి వచ్చింది.

"ఏమే పిల్లా, నా వంకాయ కూరలో విషం కలిపానా? తొమ్మిది డబ్బాలు తిరిగొచ్చాయి."

"చదువుకుంటున్నాను కాకూ."

"నాకు చెప్పకు. ఇరవై ఏళ్ల నుంచి ఈ ఊరి పిల్లలకు వండుతున్నా. బాగా చదివే పిల్లలు ఇంకో భాకరీ కోసం వంటింట్లోకి దూరతారు. తిండి మానేసిన పిల్ల చదవట్లేదు. ఎక్కడో నొప్పి ఉంది. ఎక్కడ?"

ఋతుజా ముందున్న పుస్తకం మూసేసింది.

"పొద్దున్నే మెలకువ రాకపోతే బాగుండు అనిపిస్తోంది కాకూ. రోజూ."

మందాకాకు ఓదార్చలేదు, బుద్ధులూ చెప్పలేదు. పక్కన కూర్చుని ఋతుజా తండ్రికి ఫోన్ చేసింది. అతను వచ్చేదాకా ఆ మంచం మీదనుంచి లేవలేదు.

తండ్రి దిగంబర్ ఉద్‌గీర్ రూటులో ఎస్టీ, అంటే ప్రభుత్వ బస్సు నడుపుతాడు. ఖాకీ చొక్కా మార్చుకోకుండానే వచ్చాడు. మరునాడు ఇద్దరూ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్యురాలి ముందు కూర్చున్నారు. ఆమె తొందరపడకుండా అన్నీ అడిగి తెలుసుకుంది.

"దీన్ని డిప్రెషన్ అంటారు," అంది దిగంబర్‌తో. "బద్ధకం కాదు, పిరికితనం కాదు, దిష్టి అంతకన్నా కాదు. జబ్బు. మందులున్నాయి, మాట్లాడి నయం చేసే పద్ధతులున్నాయి, తగ్గుతుంది. నెల రోజులు ఇంటి దగ్గర ఉండనివ్వండి. ఒంటరిగా వదలకండి. మెలకువ రాకూడదన్న ఆ ఆలోచన ఎక్కువైతే వేళ చూడకుండా తీసుకురండి."

కోచింగ్ ఆఫీసులో ఇచ్చిన సెలవు కాగితంలో కారణం రాయడానికి ఒక గడి ఉంది. కదమ్ సర్ దాని మీద వేలు పెట్టారు.

"కామెర్లని రాయండి. ఇక్కడ అందరూ అదే రాస్తారు. పోయినేడు పద్నాలుగు మందికి రాశాం. అసలు మాట కాగితం మీదికెక్కితే హాస్టల్లో గది ఉండదు, మొదటి బ్యాచ్‌లో చోటూ ఉండదు. ఆడపిల్ల, ముందుముందు సంబంధాలు చూసుకోవాలి. నేను మీ మంచికే చెప్తున్నా."

దిగంబర్ కలం పట్టుకుని 'కా' అని రాశాడు. అది అతని తప్పని తొందరపడి అనకండి. కూతురిని కాపాడటమంటే దాచడమేనని అతనికి ఇంతవరకూ అందరూ నేర్పారు.

"పద్నాలుగు మందికీ కామెర్లేనా సర్?" అంది ఋతుజా.

ఆయన కాగితాన్ని దిగంబర్ వైపు ఇంకాస్త జరిపారు.

ఆమె తండ్రి చేతిలోని కలం తీసుకుంది. ఆ అక్షరం కొట్టేసి డిప్రెషన్ అని రాసింది.

"బ్యాచ్ పోతుందమ్మా. ఆలోచించుకో."

"పోనివ్వండి. నాకు బాగవ్వాలి సర్. కామెర్లని రాస్తే, తిరిగొచ్చాక మందులు కూడా దాక్కుని మింగాలి. అంత ఓపిక నాకు లేదు."

దిగంబర్ లేచి నిలబడ్డాడు. "సర్, నేను నిద్రపోకుండా డ్యూటీకొస్తే డిపోలో స్టీరింగ్ ముట్టుకోనివ్వరు. ఇంటికి పొమ్మంటారు. నా కూతురు నిద్రపోకపోతే మీరు చప్పట్లు కొట్టించారు." అంతే అన్నాడు. కాగితం మీద సంతకం పెట్టాడు.

పుస్తకాల కోసం ఋతుజా తరగతి గదికి వెళ్లేసరికి ఆమె సెలవు వార్త ముందే చేరింది, కారణం మాత్రం అలవాటు ప్రకారం కామెర్లే.

"కామెర్లట కదే," అన్నాడు వెనక వరసలోంచి ఓంకార్. "పచ్చగా లేవు మరి. పసుపు పూసుకురావాల్సింది." కొందరు నవ్వారు.

కదమ్ సర్ గుమ్మం దగ్గరికొచ్చి ఆగారు. ఆమె ఆయన్ను చూసింది. లోపలి గొంతు మానేయమంది, అందరూ నవ్వుతారంది. ఆ మాట నిజమే కావచ్చు. అయినా ఆమె మాట్లాడింది.

"కామెర్లు కాదు. డిప్రెషన్. ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించుకుంటున్నాను. ఆ పదిహేడు గంటల్లో నేను ఒక్క పేజీ కూడా చదవలేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఋతుజా పుస్తకాలు సంచిలో వేసుకుని మళ్లీ తరగతి వైపు తిరిగింది.

"నిద్ర పట్టకపోతే, అన్నం సహించకపోతే, బతకాలనిపించకపోతే కష్టపడి చదువుతున్నామనుకోకండి. అది జబ్బు. దానికి వైద్యం ఉంది. సిగ్గుపడి దాచకండి, ఎవరో ఒకరికి ఇవాళే చెప్పండి."