ప్రతి రిలీజుకీ ఎండే నది

నదిలో నీళ్లు ఎంత ఎత్తుకు లేస్తాయో ముందే లెక్కగట్టి చెప్పడం మా సాఫ్ట్‌వేర్ పని. ఉచితం. ఎవరైనా వాడుకోవచ్చు, కోడ్‌లో మార్పులు రాసి పంపొచ్చు, తిట్టొచ్చు. తిట్టడం మాత్రం అందరూ తప్పకుండా చేస్తారు. కొత్త వెర్షన్ల రిలీజులు చూసుకునేది నేను. దీన్ని పుట్టించినవాడు మా అక్క మొగుడు.

బావకి పొద్దున లేవగానే, పళ్లయినా తోముకోకుండా, మెయిన్ కోడ్‌లో చెయ్యిపెట్టే అలవాటు. ఆయన మొహం కడుక్కునేలోపు మిగతావాళ్ల పని మూలపడేది. చివరికి అందరం కలిసి పొగుడుతూ ఒక ప్రకటన రాసి, 'ముఖ్య సలహాదారు' అని పేరు తగిలించి, మెయిన్ ముట్టుకోకుండా పక్కన కూర్చోబెట్టాం. రిలీజ్ బ్రాంచిలోకి మాత్రం మొహమాటానికి రానిచ్చాం. సలహా అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

రిలీజ్ దగ్గరపడినప్పుడు మెయిన్ నుంచి ఒక నకలు పక్కకు తీస్తాం. అదే రిలీజ్ బ్రాంచి. అందులో కొత్త హంగులు పెట్టకూడదు, తప్పులు దిద్దడమే. దిద్దినదాన్ని మెయిన్‌లో కూడా కలపాలి. లేకపోతే వచ్చేసారి తీసే నకలులో పాత రోగం మళ్లీ తిరగబెడుతుంది. ఈ నియమం రాసింది కూడా బావే.

అలాంటి రోగం మాకొకటి ఉంది. ఒడ్డున ఉన్న కొలత పరికరం మూగబోతే, మా ప్రోగ్రాం దాన్ని సున్నా అనుకుని నది ఎండిపోయిందని ప్రకటిస్తుంది. మా పరీక్ష వెర్షన్‌ని ఓపిగ్గా నడిపి చూసే ఏకైక మనిషి వరద కార్యాలయం ఇంజనీరమ్మ. ప్రతి రిలీజుకీ ముందు ఆవిడ మెయిల్ రావాల్సిందే: "మీ నది మళ్లీ ఎండింది. మాది ఆఫీసు మెట్లెక్కుతోంది."

ఆ కోడ్ తెరిస్తే మాకెవరికీ తలాతోకా అర్థం కాదు. బావకి ఫోన్ చేస్తాం. ఆయన కాసేపు బెట్టుచేసి, మమ్మల్ని కడుపారా తిట్టి, ఇట్టే బాగుచేసి ఇస్తాడు. ఆ రోజంతా గ్రూపులో ఆయన మీద పొగడ్తల వాన.

ఈసారి ఇంజనీరమ్మ హాస్యమాడలేదు. తను ఒక్కసారి చూడకుండా వదిలేస్తే వంతెన కింద జనం కాపురాలు కొట్టుకుపోతాయని రాసింది. తలకొట్టేసినట్టయింది. బావకి ఫోన్ చేసే ముందు ఆయన పాత దిద్దుబాట్లు తీసి చూశాను. అన్నీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. పైన రాసిన వివరణలే వేరు. ఒకదానికి 'చిన్న సవరణ', ఇంకోదానికి 'సర్దుబాటు', విసుగొచ్చిందేమో, చివరిదానికి 'అదే'. అన్నీ రిలీజ్ బ్రాంచిలోనే ఉన్నాయి. మెయిన్‌లో ఒక్కటీ కలపలేదు.

కోపం నషాళానికంటింది. తిన్నగా అక్క ఇంటికి వెళ్లాను. బావ స్నానాల గదిలో కారుతున్న కుళాయితో కుస్తీ పడుతున్నాడు. నియమం పెట్టిన పెద్దమనిషే మర్చిపోతే మిగతావాళ్ల గతేంటని అక్క దగ్గర కక్కేశాను. అక్క బట్టలు మడతపెడుతూ తలెత్తలేదు.

"మర్చిపోవడమేంటే? నది ఎండినప్పుడే కదా మీరు ఫోన్ చేసేది."

ఆ మనిషి మీద జాలేసింది. ఆ జాలికి రెట్టింపు కోపమూ వచ్చింది. మా అందర్నీ తలుచుకుంటే సిగ్గేసింది. కానీ వంతెన కింద జనానికి మా ఇంటి గోడుతో ఏం పని?

బావ చేతులు తుడుచుకుంటూ వచ్చి నా లాప్‌టాప్ వైపు చూశాడు. పక్కపక్కనే పెట్టిన ఆ దిద్దుబాట్లు చూడగానే విషయం అర్థమైపోయింది.

"మెయిన్‌లో కలిపెయ్," అన్నాడు.

"నువ్వే పంపు బావా. అందరిలాగే."

పంపాడు. నేను చూసి, సరేనని మెయిన్‌లోనూ, ఈ రిలీజ్ బ్రాంచిలోనూ కలిపాను. ఆయన మళ్లీ కుళాయి దగ్గరికి పోయాడు.

ఆ తర్వాతి రిలీజుకి నది ఎండలేదు. ఇంజనీరమ్మ 'బాగుంది' అని ఒక్క ముక్క రాసింది. గ్రూపులో ఎవరూ ఎవర్నీ పొగడలేదు. ఇక విడుదల మీట నొక్కడమే మిగిలింది. నొక్కకుండా బావకి ఫోన్ చేశాను.

"ఏం పాడుచేశారు?" అన్నాడు. గొంతులో హుషారు దాగలేదు.

"ఏం పాడవలేదు బావా. ఊరికే చేశాను."



"నువ్వు ఊరికే చేసే రకం కాదు. వెర్షన్ నంబరు మార్చావా?"

చూశాను. పోయిన రిలీజుదే ఉంది. మార్చలేదని చెప్పాను. తిట్లు మొదలయ్యాయి. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.